డంజన్ క్రాలర్ గేమ్స్: పాతవీ కొత్తవీ, ఎక్కడ మొదలుపెట్టాలి?

తార్నాక_తమ్ముడు
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. డంజన్ క్రాలర్లు, అంటే అంతస్తు తర్వాత అంతస్తు నేలమాళిగల్లోకి దిగుతూ రాక్షసులతో పోరాడే గేమ్స్, ఆడటం మొదలుపెడదామనుకుంటున్నాను. యూట్యూబ్‌లో లిస్టులు చాలా చూశాను కానీ అన్నీ గ్రాఫిక్స్ గురించే చెప్తున్నారు, ఆడితే ఎలా ఉంటుందో చెప్పట్లేదు.

నా దగ్గరున్నది ఐ3 లాప్‌టాప్, 8 జీబీ ర్యామ్. గ్రాఫిక్స్ కార్డు లేదు. ఫోన్ ఆండ్రాయిడ్. రోజూ తార్నాకలో మెట్రో ఎక్కి రాయదుర్గం వెళ్తాను. అమీర్‌పేట దాకా సీటు దొరకదు, ఒక చెయ్యి పైన కడ్డీ మీదే ఉంటుంది. కాబట్టి ఫోన్‌లో ఒంటి చేత్తో ఆడే గేమ్ ఒకటి, ఇంట్లో తీరిగ్గా ఆడేది ఒకటి కావాలి. బటన్లు టకటకా నొక్కే ఆటలకన్నా ఆలోచించి అడుగేసేవి నాకిష్టం. మా చెల్లి మాత్రం "కొట్టుకోవడం ఉండాలి, లేకపోతే నాకొద్దు" అంటోంది. ఇద్దరికీ చెప్పండి.

పిక్సెల్_పిల్ల
సోమవారం, రాత్రి 9:52

ఫోన్‌కి అయితే వేరే ఆలోచనే వద్దు. షాటర్డ్ పిక్సెల్ డంజన్. ఆండ్రాయిడ్‌లో ఫ్రీ, యాడ్స్ లేవు, నెట్ అక్కర్లేదు. మీరు అడుగేస్తేనే రాక్షసులు అడుగేస్తారు. స్టేషన్ రాగానే ఫోన్ జేబులో పెట్టేసుకోవచ్చు, మళ్ళీ తీసేసరికి ఆట ఆపిన చోటే ఉంటుంది.

2012లో వాటాబౌ అనే డెవలపర్ పిక్సెల్ డంజన్ చేసి, తర్వాత కోడ్ అందరికీ తెరిచి ఇచ్చేశాడు. దాని మీద ఇవాన్ డెబెన్‌హామ్ 2014లో షాటర్డ్ మొదలుపెట్టాడు. ఇప్పటికీ అప్‌డేట్లు వస్తూనే ఉన్నాయి. అసలు గేమ్ కన్నా ఇదే బాగా పెద్దదైపోయింది.

మురుగు కాలువలు, జైలు, గుహలు, మరుగుజ్జుల నగరం, చివర దయ్యాల మందిరాలు. ఒక్కో చోట ఐదు అంతస్తులు, ఐదో అంతస్తులో బాస్. పోషన్ల (మంత్రపు మందు సీసాల) రంగులు ప్రతి ఆటకీ మారిపోతాయి. పోయినసారి ప్రాణం నింపిన ఎర్ర సీసా ఈసారి ఒళ్ళంతా మంట పెట్టొచ్చు. తాగి చూడాలా, దూరంగా విసిరి చూడాలా, దాచుకోవాలా? మొదటి రోజు నుంచే ఇదే ఆలోచన.

సీతాఫల్‌మండి_శీను
సోమవారం, రాత్రి 10:05

చెల్లెమ్మకి డయాబ్లో. మొదటి డయాబ్లో. ఆ తర్వాతే మిగతావన్నీ.

ఆ గేమ్‌లో ఊరు ఒక్కటే, ట్రిస్ట్రమ్. ఊళ్ళో ఒక చర్చి. దాని కింద 16 అంతస్తులు: నాలుగు చర్చి కింద, నాలుగు సమాధుల్లో, నాలుగు గుహల్లో, నాలుగు నరకంలో. ఎప్పుడు పైకొచ్చినా సంగీతం చేసిన మ్యాట్ యూల్మెన్ గిటార్ వినిపిస్తుంది. ఆ గిటార్ విన్నాక మళ్ళీ కిందికి దిగాలంటే గుండె రాయి చేసుకోవాలి. రెండో అంతస్తులో బుచర్ గది ఉంటుంది కొన్ని ఆటల్లో. తలుపు తీశాక లోపల కనిపించేది నేను చెప్పను.

కొత్తవాళ్ళకి ఒక సంగతి. ఇందులో పరుగు లేదు. హీరో నడుస్తాడు, అంతే. డయాబ్లో 2 ఆడి వచ్చినవాళ్ళకి మొదట చిరాకేస్తుంది. కానీ భయమంతా ఆ నడకలోనే ఉంది. వెనక నుంచి మేక తలల రాక్షసులు వస్తుంటే నడిచి తప్పించుకోవాలంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

గేమ్స్ అమ్మే సైట్ జీఓజీలో, దీని అదనపు భాగం హెల్‌ఫైర్‌తో కలిపి 2019 నుంచి అమ్ముతున్నారు. తమ్ముడి లాప్‌టాప్‌లో హాయిగా నడుస్తుంది.

గ్రాఫ్‌పేపర్
సోమవారం, రాత్రి 10:48

శీను గారు చెప్పింది మంచి గేమే. కానీ తమ్ముడు ఆలోచించి అడుగేసే ఆట అడిగాడు, అందుకని కొంచెం వెనక్కి వెళ్ళి చెప్తాను. పెద్ద పోస్ట్ అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఈ ఆటలకి రెండు పెద్ద పాయలున్నాయి. ఒకటి రోగ్ నుంచి వచ్చింది. 1980లో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ యూనిక్స్ మీద రాశారు, తర్వాత కెన్ ఆర్నాల్డ్ చేరాడు. బొమ్మల్లేవు, స్క్రీన్ మీద అక్షరాలే. మన హీరో @ గుర్తు. ఎక్కడో లోతున ఉన్న యెండోర్ తాయెత్తు తెచ్చుకోవాలి. ప్రతిసారీ కొత్త మ్యాప్. చచ్చిపోతే మొదటి నుంచి. షాటర్డ్ పిక్సెల్ డంజన్ ఈ పాయలోదే, అందులో వెతికేదీ అదే తాయెత్తు.

రెండోది విజార్డ్రీ నుంచి వచ్చింది. 1981, యాపిల్ 2 కంప్యూటర్. ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ చేశారు. ఆరుగురితో ఒక జట్టు కట్టి, కళ్ళ ముందు గోడలు కనిపించేలా ఒక్కో గడీ నడుస్తూ పోతాం. పది అంతస్తులు, ఒక్కో అంతస్తు అడ్డం 20 గడులు, నిలువు 20 గడులు. ఇక్కడ మ్యాప్ మారదు. డిజైనర్ చేత్తో గీసిందే. అందులో కొన్ని గడుల్లో కాలు పెడితే మనకు తెలియకుండానే గిరుక్కున తిప్పేస్తుంది. ఉత్తరం వైపు పోతున్నామనుకుంటాం, కాగితం మీద గీత గీస్తుంటాం, నాలుగు అడుగుల తర్వాత గోడ ఉండాల్సిన చోట గోడ ఉండదు. అప్పుడు మంత్రగాడి చేత డూమాపిక్ మంత్రం వేయిస్తే ఎక్కడున్నామో, ఎటు చూస్తున్నామో చెప్తుంది. ఆ మంత్రాలు లెక్కగానే ఉంటాయి, అయిపోతే ఊరికి రావాలి.

జట్టు మొత్తం లోపలే చచ్చిపోతే శవాలు అక్కడే పడి ఉంటాయి. కొత్త జట్టును తయారుచేసి, అంత లోతుకి దింపి, ఆ శవాల్ని మోసుకురావాలి. తెచ్చి గుళ్ళో డబ్బు కట్టినా బతుకుతారన్న హామీ లేదు. మంత్రం పారకపోతే బూడిద. బూడిద మీద మళ్ళీ ప్రయత్నించి అదీ పారకపోతే ఆ మనిషి పేరే జాబితాలోంచి పోతుంది.

ఇదంతా భయపెట్టడానికి చెప్పట్లేదు. నా లెక్కలో డంజన్ క్రాలర్ అంటే కిందికి దిగే ఆట కాదు, ఎప్పుడు వెనక్కి తిరగాలో తేల్చుకునే ఆట. మంత్రాలు సగం అయిపోయాయి, ముందు ఒక తలుపు కనిపిస్తోంది. తీద్దామా, పైకి పోదామా? మంచి గేమ్ ఆ ప్రశ్నని ప్రతి పది నిమిషాలకీ అడుగుతుంది. గేమ్ కొనేముందు అది చూసుకో తమ్ముడూ, గ్రాఫిక్స్ కాదు.

విజార్డ్రీని డిజిటల్ ఎక్లిప్స్ వాళ్ళు 2024లో కొత్త బొమ్మలతో విడుదల చేశారు. లోపల నడిచేది పాత యాపిల్ 2 కోడే. కావాలంటే ఆ పాత స్క్రీన్‌ని పక్కన ఒక మూల పెట్టుకుని చూడొచ్చు.

అల్వాల్_ఆర్కేడ్
సోమవారం, రాత్రి 11:10

పైసా ఖర్చు లేకుండా లాప్‌టాప్ మీద ఆడాలంటే డంజన్ క్రాల్ స్టోన్ సూప్. 2006 నుంచి ఉంది, అంతకుముందు 1997లో వచ్చిన లిన్లీస్ డంజన్ క్రాల్‌కి ఇది వారసుడు. డౌన్‌లోడ్ కూడా అక్కర్లే, బ్రౌజర్‌లో ఆడుకోవచ్చు. మస్తుంటది.

దీన్ని నడిపేవాళ్ళది ఒకటే పట్టుదల. ఆటగాడికి విసుగు పుట్టించే పని ఏదున్నా తీసేస్తారు. కీబోర్డు మీద o అక్షరం నొక్కితే హీరో తనంతట తానే అంతస్తంతా తిరిగి చూస్తాడు, రాక్షసుడు కనపడంగనే ఆగుతాడు. దుకాణాల్లో మనం సామాన్లు అమ్మడం ఉండదు, కాబట్టి చెత్తంతా మోసుకుని తిరిగే బాధ లేదు. ఆకలి లెక్క కూడా తర్వాత తీసేశారు. మిగిలింది నిర్ణయాలే. ఈ గుంపుతో కొట్లాడాలా, మెట్ల దాకా పోయి ఒక్కొక్కణ్ణి పైకి గుంజాలా?

నెట్‌హాక్ దీనికి పూర్తిగా ఉల్టా. 1987ది. అందులో ఏది చేస్తే ఏమైతదో అంతా రాసిపెట్టిండ్రు. దుకాణంల సామాను దొంగిలించాలంటే మన పెంపుడు పిల్లిని తోలాలి. ముట్టుకుంటే రాయిని చేసే కాకట్రీస్ అనే కోడిలాంటి జీవి ఉంటది. దాని శవాన్ని గ్లౌజులు వేసుకుని పట్టుకుంటే అదే ఆయుధం, ఎవర్ని కొడితే వాళ్ళు రాయైపోతరు. అట్ల పట్టుకుని పోతూ పోతూ గోతిలో పడితే మనమే రాయి.

దీప_కేపీహెచ్‌బీ
మంగళవారం, ఉదయం 7:15

గ్రాఫ్‌పేపర్ గారు వెనక్కి తిరగడం గురించి రాసింది చదివాక డార్కెస్ట్ డంజన్ చెప్పకుండా ఉండలేను.

2016లో వాంకూవర్‌లోని రెడ్ హుక్ స్టూడియోస్ విడుదల చేసింది. నలుగురు హీరోల్ని పంపిస్తాం. వాళ్ళకి ప్రాణం ఎంతుందో చూపించే లెక్కతో పాటు టెన్షన్ లెక్క కూడా ఉంటుంది. చీకటి పెరిగినా, పక్కవాడు దెబ్బ తిన్నా, ఆకలేసినా అది పెరుగుతుంది. నూరు దాటితే మనిషి మారిపోతాడు. ఒకడికి అందరి మీదా అనుమానం మొదలవుతుంది, వైద్యం చేయబోతే వద్దంటాడు. ఇంకొకడు తనని తానే కొట్టుకుంటాడు. ఎప్పుడో ఒకసారి మాత్రం ఒకడు ఎదురు తిరిగి ధైర్యంగా నిలబడి మిగతా ముగ్గుర్నీ నిలబెడతాడు. రెండొందలకి చేరితే గుండె ఆగిపోయేంత పనవుతుంది.

అసలు ఆట బయల్దేరకముందే మొదలవుతుంది. తిండి, కాగడాలు, పార, కట్టు గుడ్డలు, విషానికి మందు. అన్నిటికీ డబ్బు పెట్టాలి. సంచిలో గడులు కొన్నే. ఎక్కువ కొంటే దొరికిన బంగారం పెట్టుకోవడానికి చోటుండదు. తక్కువ కొంటే దారిలో రాళ్ళు అడ్డం పడినప్పుడు పార ఉండదు, చేతులతో తొలగించాలి. దానికి ఒంటికి దెబ్బ, మనసుకీ దెబ్బ, కాగడా కూడా తగ్గుతుంది. నేను పార లేకుండా ఎవర్నీ గడప దాటనివ్వను.

ఇంకో ముఖ్యమైన విషయం. మధ్యలో వదిలేసి వచ్చేయొచ్చు. వచ్చాక హీరోలకి కొంచెం బెంగ ఉంటుంది, అంతే. సగం పనిలో తిరిగొచ్చినా ప్రాణాలతో వచ్చారంటే అది గెలుపే. కొత్తవాళ్ళు ఈ బటన్ వాడరు, అందుకే జట్లని పోగొట్టుకుంటారు.

2డీ బొమ్మలే కాబట్టి మీ లాప్‌టాప్‌కి పెద్ద బరువు కాదు. టర్న్ ప్రకారం నడుస్తుంది. కథ చెప్పే వేన్ జూన్ గొంతు కోసమైనా ఆడాలి. ఆయన 2025లో పోయారు. ఆ గొంతు వింటుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

తార్నాక_తమ్ముడు
మంగళవారం, ఉదయం 9:05

అక్కా, హీరో చచ్చిపోతే నిజంగా పోయినట్టేనా? సేవ్ లోడ్ చేసుకునే వీలు లేదా? గంటలు గంటలు పెంచుకున్న మనిషి ఒక్క దెబ్బకి పోతే మళ్ళీ ఆడబుద్ధేస్తుందా?

షాటర్డ్ రాత్రే ఎక్కించాను. మెట్రోలో ఒంటి చేత్తో బ్రహ్మాండంగా ఆడొచ్చు.

దీప_కేపీహెచ్‌బీ
మంగళవారం, ఉదయం 9:20

> ఒక్క దెబ్బకి పోతే మళ్ళీ ఆడబుద్ధేస్తుందా?

వేస్తుంది. పోయింది హీరో ఒక్కడే. ఊరు ఉంటుంది, మీరు బాగుచేసుకున్న కమ్మరి కొలిమి ఉంటుంది, మిగతా హీరోలుంటారు. కొత్తవాళ్ళు బండెక్కి వస్తూనే ఉంటారు. ఆట దానంతటదే సేవ్ అవుతుంది, వెనక్కి పోయే దారి లేదు. ఒక దెబ్బకి ప్రాణం సున్నాకి వచ్చినా వెంటనే చావరు కూడా. చావు అంచున నిలబడతారు, ఆ తర్వాత తగిలే ఒక్కో దెబ్బా చావొచ్చేమో అన్నట్టుంటుంది. ఆ సమయంలో ఒక్క పాయింట్ వైద్యం చేసినా అంచు నుంచి వెనక్కి వస్తారు. ఆ ఒక్క పాయింట్ కోసం నేను జట్టులో ఎప్పుడూ వైద్యం చేసే వెస్టల్‌ని పెట్టుకుంటాను.

సీతాఫల్‌మండి_శీను
మంగళవారం, మధ్యాహ్నం 1:30

గ్రాఫ్‌పేపర్ సార్, మీ మాట మీద గౌరవంతోనే అడుగుతున్నా. వెనక్కి తిరగడమే అసలు ఆటైతే డయాబ్లోలో అది లేదా? ఊరికి తిరిగి తీసుకొచ్చే టౌన్ పోర్టల్ స్క్రోల్ ఒక్కటే మిగిలింది, బెల్ట్‌లో ఎర్ర సీసాలు రెండే ఉన్నాయి, ఇంకో గది మిగిలింది. ఇదీ అదే కదా. డయాబ్లో కూడా మొదట టర్న్ ప్రకారం నడిచే ఆటగానే మొదలైంది. దాన్ని చేసిన డేవిడ్ బ్రెవిక్ రోగ్ లాంటి ఆటలు ఆడి పెరిగినవాడే. తర్వాత దాన్ని రియల్ టైమ్‌కి మార్చాడు. పునాది అదే పునాది.

గ్రాఫ్‌పేపర్
మంగళవారం, మధ్యాహ్నం 2:10

మొదటి డయాబ్లోకి మీ మాట నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. తర్వాత వచ్చినవాటికే ఒప్పుకోను. డయాబ్లో 2 నుంచి పోర్టల్ స్క్రోళ్ళు పుస్తకంలో కుప్పలుగా ఉంటాయి, పరుగుంది, చచ్చినా ఊళ్ళో లేచి శవం దగ్గరికి పోతే సామాన్లు వచ్చేస్తాయి. ఒక్కసారి చస్తే అంతే అనే హార్డ్‌కోర్ పెట్టుకుంటే తప్ప తిరిగిపోవాలన్న ఆలోచనే రాదు. అది సామాన్లు పోగేసే ఆట. చాలా గొప్పగా చేసిన ఆట, కానీ దాహం వేరు.

కొండాపూర్_కోడ్
మంగళవారం, సాయంత్రం 6:45

నేను గేమ్స్ కోడ్ రాసేవాణ్ణి. తమ్ముడికి ఉపయోగపడుతుందేమోనని లోపల ఏం జరుగుతుందో చెప్తాను. ఇది తెలిస్తే ఆడటం కూడా మెరుగవుతుంది.

"ప్రతిసారీ కొత్త మ్యాప్" అంటే ఎలా పడితే అలా గీసేయడం కాదు. రోగ్‌లో స్క్రీన్‌ని అడ్డం మూడు, నిలువు మూడు, మొత్తం తొమ్మిది భాగాలు చేస్తారు. ఒక్కో భాగంలో ఒక గది వస్తుంది, కొన్నిట్లో రాదు. తర్వాత గదుల్ని దారులతో కలుపుతారు. ఇది తెలిస్తే స్క్రీన్‌లో ఏ మూల ఖాళీగా ఉందో చూసి, అక్కడ ఇంకో గది ఉండాలి, రహస్య ద్వారం ఇటే ఉంటుంది అని పట్టేయొచ్చు.

స్పెలంకీ అనే గేమ్‌లో డెరెక్ యూ చేసింది ఇంకా అందంగా ఉంటుంది. నాలుగు అడ్డం, నాలుగు నిలువు, పదహారు గదులు. పై వరసలో ఒక గదిలో మొదలుపెట్టి, కుడికో ఎడమకో కిందికో ఒక దారి వేసుకుంటూ అడుగు వరసకి చేరుస్తాడు. ముందు ఆ దారి ఖాయం. బాంబులు, తాళ్ళు లేకపోయినా చివరికి చేరొచ్చు. మిగతా గదులన్నీ ఆశపెట్టడానికి.

చేత్తో గీసిన మ్యాప్ పని వేరు. గోల్కొండ కోటలో ద్వారం ఎదురుగా అడ్డుగోడ ఎందుకు కట్టారో మన గైడ్లు చెప్తారు కదా, ఏనుగులు పరుగెత్తుకొచ్చి తలుపుని గుద్దకుండా. వచ్చేవాడు ఎటు నుంచి వస్తాడో, ఎక్కడ ఆగుతాడో, ఎటు తిరుగుతాడో కట్టినవాడు ముందే ఆలోచించాడు. డంజన్ మాస్టర్‌లో, గ్రిమ్‌రాక్‌లో ఒక్కో మలుపూ అలాంటిదే. యాదృచ్ఛికంగా పుట్టిన మ్యాప్ మిమ్మల్ని గుర్తుపట్టదు. చేత్తో గీసిన మ్యాప్ మీ కోసం కాచుకుని ఉంటుంది. రెండూ ఆడాలి.

మోడరేటర్
మంగళవారం, రాత్రి 8:00

చర్చ చాలా బాగుంది. ఒక్క మనవి. క్రాక్ చేసిన కాపీల లింకులు, "పాతదే కదా" అంటూ అప్‌లోడ్ చేసిన ఫైళ్ళ లింకులు ఇక్కడ పెట్టొద్దు. రెండు పోస్టులు తీసేశాను. ఈ థ్రెడ్‌లో చెప్పినవాటిలో చాలావరకు ఫ్రీగానో, సేల్‌లో తక్కువకో దొరుకుతున్నాయి.

గ్రాఫ్‌పేపర్
మంగళవారం, రాత్రి 9:25

కోడ్ గారు డంజన్ మాస్టర్ పేరెత్తారు కాబట్టి దాని గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

1987, అటారి ఎస్‌టీ, ఎఫ్‌టీఎల్ గేమ్స్. విజార్డ్రీ లాగే గడుల మీద నడకే, కానీ కాలం ఆగదు. మనం నిలబడి ఆలోచిస్తుంటే మూల తిరిగిన తర్వాత ఏదో నడుస్తున్న చప్పుడు వస్తూ ఉంటుంది. మొదట ఒక హాలు. గోడల నిండా అద్దాలు, అద్దాల్లో 24 మంది వీరులు బంధించి ఉంటారు. నలుగుర్ని ఎంచుకుని బయల్దేరతాం. కాగడా కాలిపోతుంటే చూస్తుండగానే స్క్రీన్ మసకబారుతుంది. నీళ్ళ తిత్తులు ఊటల దగ్గర నింపుకోవాలి. తిండికి చంపిన పురుగుల మాంసమూ పనికొస్తుంది.

మంత్రాలు జాబితాలో ఉండవు. గుర్తులు ఒకదాని పక్కన ఒకటి నొక్కి మనమే కట్టాలి. మొదటి గుర్తు ఎంత బలం అన్నది. తర్వాత ఫుల్ నొక్కితే వెలుగు. ఫుల్ తర్వాత ఐర్ కూడా నొక్కితే అగ్నిగోళం. రాక్షసుడు మీదికొస్తుంటే వేళ్ళు వణక్కుండా మూడు గుర్తులు వరసగా నొక్కాలి. ఎవరు ఏ పని చేస్తే వాళ్ళకి ఆ విద్యే పెరుగుతుంది. మంత్రగాడి చేత కూడా గుద్దులు గుద్దిస్తే వాడికి నింజా విద్య పెరుగుతుంది.

అందులో నాకు అన్నిటికన్నా నచ్చింది తలుపు. పై నుంచి కిందికి దిగే తలుపులు, పక్కన బటన్. రాక్షసుడు గడప కింద ఉన్నప్పుడు బటన్ నొక్కితే తలుపు వాడి నెత్తి మీద పడుతుంది. లేస్తుంది, మళ్ళీ పడుతుంది. కత్తి తీయకుండానే చంపొచ్చు. ఎక్కడా "ఇలా చెయ్యి" అని రాసి ఉండదు. ఆడేవాడు తనే కనిపెట్టాలి. కనిపెట్టినరోజు ఎవరికైనా ఫోన్ చేసి చెప్పాలనిపిస్తుంది.

ఆ అడుగుజాడల్లోనే 1991లో ఐ ఆఫ్ ద బిహోల్డర్ వచ్చింది, మూడు భాగాలూ జీఓజీలో దొరుకుతాయి. 1992లో అల్టిమా అండర్‌వరల్డ్ గడుల్నే వదిలేసింది. వుల్ఫెన్‌స్టైన్ 3డీ కన్నా ముందే తల పైకెత్తి కిందికి దించి చూడటం, దూకడం, ఈదడం అన్నీ అందులో ఉన్నాయి. లోపల ఆకుపచ్చ గాబ్లిన్లకీ బూడిద రంగు గాబ్లిన్లకీ తగవు, రెండు వైపులా మాట్లాడి చూడొచ్చు. కత్తి దూసే ముందు మాట్లాడమనే డంజన్లు తక్కువ.

ఇవాళ్టివాళ్ళకి అయితే లెజెండ్ ఆఫ్ గ్రిమ్‌రాక్. 2012, ఫిన్లాండ్‌లోని ఆల్మోస్ట్ హ్యూమన్. నలుగురు ఖైదీల్ని కొండ శిఖరం మీద నుంచి లోపలికి తోసేస్తారు, అడుగు దాకా దిగితేనే విడుదల. మొదట్లో ఒక ఆప్షన్ ఉంటుంది, అది పెట్టుకుంటే ఆటోమ్యాప్ రాదు. కాగితం, పెన్సిల్ తీసుకుని మనమే గీసుకోవాలి. తప్పకుండా అలాగే ఆడండి.

అల్వాల్_ఆర్కేడ్
మంగళవారం, రాత్రి 9:50

గ్రిమ్‌రాక్ బాగుంటది, కానీ తమ్ముడి లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదన్నడు. స్టీమ్‌లో కొంటే మొదటి రెండు గంటల్లోపే నడుస్తుందో లేదో చూసుకో. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బులు వాపసిస్తరు.

ఉప్పల్_అమ్మ
బుధవారం, ఉదయం 11:15

మా బాబుకి పదేళ్ళు. ఈ చర్చలో ఉన్నవన్నీ భయంకరంగా ఉన్నాయి. పిల్లలకి సరిపోయేది ఏదైనా ఉందా అండీ?

పిక్సెల్_పిల్ల
బుధవారం, ఉదయం 11:40

ఆంటీ, మైన్‌క్రాఫ్ట్ డంజన్స్ చూడండి, 2020లో వచ్చింది. రక్తం లేదు, మీరూ పక్కన కూర్చుని కలిసి ఆడొచ్చు. పాటలంటే ఇష్టముంటే క్రిప్ట్ ఆఫ్ ద నెక్రోడాన్సర్. పాట తాళానికి తగ్గట్టు అడుగేయాలి, తాళం తప్పితే అడుగు పడదు. డార్కెస్ట్ డంజన్ మాత్రం బాబుకి చూపించకండి.

సీతాఫల్‌మండి_శీను
బుధవారం, సాయంత్రం 5:20

తమ్ముడి చెల్లికి ఇంకో గేమ్ గుర్తొచ్చింది. టార్చ్‌లైట్, 2009. డయాబ్లో చేసినవాళ్ళలో కొందరు బయటికొచ్చి పెట్టిన రూనిక్ గేమ్స్‌ది. సంగీతం మళ్ళీ యూల్మెనే. ఒకే ఊరు, ఊరి కింద గని, దిగుతూ పోవడమే. సెట్టింగ్స్‌లో నెట్‌బుక్ మోడ్ అని ఉంటుంది, నీరసమైన లాప్‌టాప్‌ల కోసమే పెట్టారు. వెంట ఒక కుక్కో పిల్లో ఉంటుంది. సంచి నిండిపోతే సామాన్లు దాని వీపున వేసి ఊరికి పంపిస్తే అమ్ముకుని డబ్బుతో తిరిగొస్తుంది. మా ఇంట్లో ఈ కుక్క కోసమే ఆడినవాళ్ళున్నారు.

హేడీస్ కూడా అందరూ చెప్తారు, 2020ది, నిజంగా మంచి గేమ్. చచ్చిన ప్రతిసారీ ఇంటికొస్తాం, అక్కడివాళ్ళు కొత్త మాటలు మాట్లాడతారు, కథ ముందుకు పోతుంది. కానీ అందులో చావంటే భయం ఉండదు. చావే కథని నడిపిస్తుంది. ఈ విషయంలో గ్రాఫ్‌పేపర్ సార్ వైపే నేను.

దీప_కేపీహెచ్‌బీ
బుధవారం, రాత్రి 8:10

మ్యాప్ గీయడం అంటే ఇష్టపడేవాళ్ళు ఎట్రియన్ ఆడిసీ మర్చిపోకండి. 2007లో నింటెండో డీఎస్ మీద అట్లస్ తెచ్చింది. కింది స్క్రీన్ మీద స్టైలస్ పుల్లతో గోడలు మనమే గీసుకోవాలి. ఎఫ్‌ఓఈ అనే పెద్ద రాక్షసులు మ్యాప్ మీద కనిపిస్తూనే ఉంటాయి, మనం ఒక అడుగేస్తే అవీ ఒక అడుగేస్తాయి. వాటి దారి గమనించి, మూలలో దాక్కుని, అవి తిరిగిపోగానే దాటిపోవాలి. మొదటి మూడు భాగాలూ 2023లో పీసీకి, స్విచ్‌కి వచ్చాయి.

తార్నాక_తమ్ముడు
బుధవారం, రాత్రి 10:30

అందరికీ చాలా థాంక్స్. చెల్లి టార్చ్‌లైట్ మొదలుపెట్టింది, ఇప్పుడు లాప్‌టాప్ నా చేతికి రావట్లేదు.

రెండు ప్రశ్నలు. షాటర్డ్‌లో ఐదో అంతస్తులో గూ అనే నల్ల ముద్ద దాటనివ్వట్లేదు, ఏం చెయ్యాలి? రెండోది గ్రాఫ్‌పేపర్ సార్‌కి. విజార్డ్రీ తీసుకున్నాను, కాగితం మీదే గీద్దామనుకుంటున్నాను. ఎలా మొదలుపెట్టాలి?

పిక్సెల్_పిల్ల
బుధవారం, రాత్రి 10:41

గూ నీళ్ళలో నిలబడితే ప్రాణం నింపుకుంటుంది. కాబట్టి ముందు దాన్ని పొడి నేల మీదికి రప్పించాలి. అది ఉబ్బడం మొదలుపెట్టిందంటే తర్వాతి దెబ్బ చాలా పెద్దది. ఉబ్బుతున్నప్పుడు ఇంకో దెబ్బ వేద్దామని ఆశపడొద్దు, వెంటనే దూరం జరగండి. తలుపు చాటుకో గోడ మూలకో పోతే ఇంకా మంచిది.

అంతకుముందు నాలుగు అంతస్తుల్లో తలుపుల్ని వాడుకోండి. గుమ్మం పక్కన నిలబడితే లోపలికొచ్చే రాక్షసుడికి మీరు కనిపించరు, మొదటి దెబ్బ తప్పకుండా తగులుతుంది. అప్‌గ్రేడ్ స్క్రోళ్ళు గూ దాకా మూడు ఖాయంగా దొరుకుతాయి, మూడూ ఒకే వస్తువు మీద పెట్టండి. నేనైతే కవచం మీద పెడతాను.

గ్రాఫ్‌పేపర్
బుధవారం, రాత్రి 11:05

తమ్ముడూ, పిల్లల లెక్కల గ్రాఫ్ పుస్తకం చాలు, పెద్ద గడులున్నది తీసుకో. ఒక పేజీకి ఒక అంతస్తు. అడ్డం 20, నిలువు 20 గడుల చతురస్రం ముందే గీసి పెట్టుకో. కింది ఎడమ మూల గడి సున్నా, సున్నా. మెట్లు దిగగానే నువ్వు నిలబడేది అక్కడే, ముఖం ఉత్తరం వైపు. అక్కడి నుంచి తూర్పుకి ఎన్ని గడులు, ఉత్తరానికి ఎన్ని గడులు అని లెక్క. డూమాపిక్ చెప్పేదీ ఇదే లెక్కలో, కాబట్టి అంచుల మీద 0 నుంచి 19 దాకా అంకెలు వేసేయ్.

గోడలకి పెన్సిల్, తలుపులకి అడ్డగీత, రహస్య ద్వారాలకి వేరే రంగు. పెన్ను వాడకు, చాలా చెరపాల్సి వస్తుంది. ఇంకొకటి, అంచు దాటి నడిస్తే అవతలి అంచు నుంచి వస్తావు. మ్యాప్ చుట్టుకుని ఉంటుంది. కాగితం అయిపోయింది, దారి మాత్రం పోతోందే అని కంగారుపడొద్దు, ఎదురు అంచు నుంచి గీయడం కొనసాగించు.

మొదటిసారి నాలుగైదు గడులు చూసి, ఒక్క పోరాటం చేసి పైకి వచ్చేయ్. సత్రంలో పడుకోబెట్టు, మళ్ళీ దిగు. జట్టులో అందరూ కొంచెం బలపడేదాకా మెట్ల దగ్గరే తిరుగు. పూజారి దగ్గర వైద్యం మంత్రం ఒక్కటే మిగిలిందంటే ముందు ఏ తలుపున్నా తీయకు. మొదటి అంతస్తు పూర్తయ్యాక పేజీ ఫొటో ఇక్కడ పెట్టు, నా దాంతో పోల్చి చూద్దాం.